పసుపు పట్టని గుడ్డ

మా నాన్న చెప్పులు కుట్టేవాడు. కుట్టబోయే ముందు దారాన్ని మైనం ముద్ద మీద వేసి అటూ ఇటూ లాగేవాడు. దారం నల్లబడి బిగిసేది. ఎన్ని వానల్లో నానినా కుళ్ళేది కాదు. చెప్పు అరిగిపోయేది గాని కుట్టు వీడేది కాదు. నా కూతురు గ్లోరి చిన్నప్పుడు ఆయన పక్కనే కూర్చుని ఆ దారం ముక్కలతో ఆడుకునేది. దారం తడవనప్పుడు గుడ్డ మాత్రం ఎందుకు తడవాలి అని దానికి ఎప్పుడు తట్టిందో నాకు తెలియదు. అది చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో నాకూ దానికీ మాటలు తక్కువ. వాళ్ళమ్మ రిబ్కా ముగ్గురి వాటా తనే మాట్లాడేస్తుంది.

నేను బసవపున్నయ్యగారి మామిడితోటకి కాపలా ఉంటాను. తోట ఎ.కొండూరు రోడ్డులో ఉంది, ఆయన ఇల్లు తిరువూరులో. పూత రోజుల్లో తేనెటీగలు కొమ్మలకి పట్టు పెడతాయి. తేనె పున్నయ్యగారింటికి వెళుతుంది, పిండగా మిగిలిన పిప్పి నాది. ఆ పిప్పిని నీళ్ళలో కాచి వడగట్టి వదిలేస్తే, చల్లారాక మైనం పైకి తేలి పసుపుపచ్చటి బిళ్ళలా గడ్డకడుతుంది. ఇదివరకు దాన్ని ఎవరో ఒకరికి ఇచ్చేసేవాణ్ణి. విజయవాడలో బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి, కాళ్ళు వాచి పని మానేసి ఇంటికి వచ్చాక, గ్లోరి ఆ బిళ్ళలు దాచమంది.

కోరా గుడ్డ పరిచి, కరిగిన మైనంలో కాస్త పప్పు నూనె, అదే నువ్వుల నూనె, కలిపి, కుంచెతో రాసి, పైన బొగ్గుల ఇస్త్రీ పెట్టె తిప్పేది. మైనం దారాల్లోకి ఇంకిపోయేది. మొదటిసారి చేసిన గుడ్డ నా సైకిలు సీటుకి తొడిగింది. నూనె ఎక్కువైందో ఏమో, మధ్యాహ్నం ఎండకి మెత్తబడి, తోట దగ్గర దిగబోతే నా లుంగీ సీటుకే అతుక్కుపోయింది. రిబ్కా ఆ సంగతి చర్చిలో కూడా చెప్పుకుని నవ్వింది. గ్లోరి నవ్వలేదు, నూనె తగ్గించింది. తర్వాత చేసిన దాన్ని వానలో నెత్తిన కప్పుకుని తోటంతా తిరిగాను. చొక్కా తడవలేదు.

అప్పటి నుంచి ఇంట్లో దానికి దొరికిన వస్తువుకల్లా తొడుగు వేసింది. కుట్టుమిషనుకి వేసింది. వాళ్ళమ్మ బైబిలుకి సంచీ కుట్టింది. నా అన్నం క్యారేజీకి కుట్టింది. ఎదురింటి జోజమ్మ మనవడి పక్కలోకి మెత్తటి గుడ్డకి ఒకవైపే మైనం పట్టించి ఇచ్చింది. పిల్లాడు పోసినా కింద బొంత తడవదు, రబ్బరు షీటులా ఒళ్ళు ఉడకదు. అందరూ బాగుందన్నారు. ఇస్తే తీసుకున్నారు. ఇంకోటి కావాలని మాత్రం ఎవరూ రాలేదు.

"ఎండాకాలం అయ్యేలోగా ఇది నిలబడకపోతే షాపుకి వెళ్ళిపోతాను నాన్నా. ఓనరుగారు ఫోన్ చేస్తున్నారు" అంది ఒకరోజు, కుంచె కడుగుతూ. మామూలుగానే అంది. వాపు దిగిన దాని పాదాలు చూశాను.

అప్పుడు దానికి ఒక సంగతి చెప్పాను. పోయిన వానల్లో పున్నయ్యగారి భార్య పిచ్చమ్మగారి ఆవకాయ జాడీల్లో ఒకటి బూజు పట్టింది. జాడీ మూతికి గుడ్డ కట్టడాన్ని వాసెన కట్టడం అంటారు. ఆ వాసెన గుడ్డకి చెమ్మ తగిలి లోపలికి దిగింది. ఒక ఏడు ప్లాస్టిక్ కవరు కట్టి చూశారట, అది లోపలే చెమట పట్టింది. పిచ్చమ్మగారి ఆవకాయ అంటే ఆ వీధికే గొప్ప. బూజు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. జామచెట్టు కింద గొయ్యి తీయించి, ఆ ఆవకాయని నా చేత పూడ్పించింది గనక నాకు తెలుసు. పూడుస్తున్నంతసేపూ అటు తిరిగి నిలబడింది.

గ్లోరి అంతా విని, "ఆవిడ కడితే వీధంతా కడుతుంది" అంది. మర్నాడే జాడీ మూతుల కొలతకి గుడ్డలు చేసింది.

*

మేమిద్దరం వెళ్ళేసరికి పిచ్చమ్మగారు వసారాలో మెంతులు బాగుచేస్తోంది. పున్నయ్యగారు కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆవిడ గుడ్డని చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు పూసల్లా దొర్లి కింద పడ్డాయి. గుడ్డ తిరగేసి వేళ్ళతో తడిమింది, పొడిగానే ఉంది.

"ఏం పూశావే దీనికి?"

"మైనం, పప్పు నూనె. అంతేనండి మామ్మగారూ."

"మైనమంటే తేనెపట్టుదేగా? ఈగల ఎంగిలి కాదుటే?"

"తేనె దేవుడికి అభిషేకం చేస్తారు కదండీ. తేనె ఎంగిలి కానప్పుడు, అది దాచుకున్న గిన్నె ఎంగిలవుతుందా?"

పేపరు వెనక నుంచి పున్నయ్యగారు "అడుగు, ఇంకా అడుగు. ఆ పిల్ల చెబుతుంది" అన్నారు.

"మీరు పేపరు చదువుకోండి" అని ఆవిడ లోపలికి వెళ్ళి, చిన్న గిన్నెలో తడిపిన పసుపు తెచ్చింది. కొత్త బట్ట ఏదైనా ఇంట్లో వాడబోయే ముందు మూలకి పసుపు అద్దుతారు వాళ్ళు. వేలితో గుడ్డ మూల మీద అద్దింది. పసుపు ముద్ద అక్కడ నిలవలేదు. జారి ఆవిడ చీర మీద పడింది. మళ్ళీ అద్ది, ఈసారి బొటనవేలితో రుద్దింది. తుడుచుకుపోయింది. గుడ్డ మూల ఎలా ఉందో అలాగే ఉంది, మరక కూడా మిగల్లేదు.

"పసుపు పట్టడం లేదే!"

"నీళ్ళు పట్టని గుడ్డ కదండీ..."

"అయితే నాకొద్దు. మూలకి పసుపు లేకుండా కొత్త గుడ్డ నా ఆవకాయ గదిలోకి రాదు. మా అత్తగారి నాటి నుంచీ అంతే. తీసుకుపో."

గ్లోరి గుడ్డలు మడిచి సంచీలో పెట్టుకుంది. మేం రోడ్డెక్కాం. బస్టాండు దాటేదాకా నేను మాట ఆపుకున్నాను.

"అది పసుపు గురించి కాదమ్మా" అన్నాను.

"మరి దేని గురించి?"

నేను చెప్పలేదు. చెప్పులు కుట్టినాయన మనవరాలు చేసిన గుడ్డ వాళ్ళ ఆవకాయ మీద కప్పాలి. ఆ మాట దానికీ తెలుసు. కాసేపు నడిచాక అదే అంది:

"ఆవిడ నోటితో అన్నది పసుపు మాట. అనని మాటకి మనమెందుకు జవాబు వెతకాలి నాన్నా? పసుపన్నారు. పసుపుకే దారి చూస్తాను."

*

మొదట మైనంలోనే పసుపు కలిపింది. గుడ్డంతా పచ్చబడింది. "పెళ్ళికూతురి చీరలా ఉందే, జాడీకి పెళ్ళి చేస్తావా?" అని రిబ్కా నవ్వింది. అదీ నిజమే. మూలకి పెట్టే పసుపు మూలకే ఉండాలి. గ్లోరి ఆ గుడ్డ పక్కన పడేసి, కోరా గుడ్డ ముక్క ఒకటి ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి చిటికెడు పసుపు తెచ్చి, తడిపి, ఆ ముక్క మూల మీద వేలితో అద్దింది. ఆరబెట్టింది. ఆరాక దాని మీంచి మైనం రాసి ఇస్త్రీ పెట్టె తిప్పింది.

పసుపు లోపల ఉండిపోయింది. నీళ్ళు పోసినా, సబ్బుతో రుద్దినా, గోటితో గీకినా కదల్లేదు.

రిబ్కా మొహం మారింది. "మనం పసుపులూ కుంకాలూ పెట్టం గదే. పాస్టరుగారు వింటే ఏమంటారు?"

"పులుసులో నువ్వేసే పసుపుకి ఏమన్నారు?"

"అది కూర, ఇది పూజ."

"ఇది ముక్క, పనిచేస్తుందో లేదో చూసుకున్నా. అసలు గుడ్డకి నేను పెట్టను, ఆవిడే పెట్టుకుంటారు. మైనం మనం పెడతాం. ఎవరి పని వాళ్ళది."

రిబ్కా గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి పసుపు డబ్బా మూత బిగించింది.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే వసారా. గ్లోరి పసుపు ముక్కా, కొత్త కోరా గుడ్డలూ ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిచ్చమ్మగారు ఆ ముక్క మూల మీద గోరు పెట్టి గట్టిగా గీకి చూసింది.

"అయితే ఈ గుడ్డలకి మీరు పసుపు పెట్టివ్వండి మామ్మగారూ. మేం పట్టుకెళ్ళి మైనం పట్టించి తెస్తాం."

"పసుపు పెట్టిన బట్టని మళ్ళీ గడప దాటిస్తారా ఎవరైనా? ఎక్కడన్నా విన్నావా?"

"అయితే మైనం ఇక్కడికే తెచ్చి కాస్తాను."

"నా పొయ్యి మీదా? ఆవకాయ నెలలో ఇల్లంతా మైనం వాసనా? ఇంకేమన్నా ఉందా!"

"పోనీ, మీ ఇంటి పసుపు నాకివ్వండి. మీ పేరు చెప్పి మా అమ్మ చేత..."

"ఇంటి ఇల్లాలి చెయ్యి పడాలే. మీ అమ్మ పెడితే అది మీ ఇంటి పసుపవుతుంది గాని మా ఇంటిదెలా అవుతుంది?"

గ్లోరి తల ఊపింది. కోపం లేదు, వెటకారమూ లేదు. లెక్కలో మిగిలిన అంకె చెప్పినట్టు చెప్పింది.

"అయితే ఇంక ఒక్కటే మిగిలిందండి. మీరే మా ఇంటికి రావాలి."

నేను నేల చూశాను. వసారాలో ఉడత ఒకటి మెంతిగింజ పట్టుకుని కొరుకుతోంది, ఆ చప్పుడు కూడా వినపడింది. పున్నయ్యగారు పేపరు దించారు.

"పిచ్చమ్మా! తలుపులన్నీ ఒక్కొక్కటే నువ్వే వేసుకుంటూ వచ్చావు. తెరిచి ఉన్నది అదొక్కటే."

ఆవిడ ఆయన్ని ఒక చూపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేనింకా ఉడత వైపే చూస్తున్నాను.

"రాయప్పా, మీ పేటలో కుక్కలున్నాయా?"

"ఉన్నాయండమ్మా."

"కట్టేయించు. రేపు ఎండెక్కక ముందే వస్తాను."

*

రిబ్కా తెల్లారకముందే లేచి వాకిలి రెండుసార్లు ఊడ్చింది. జోజమ్మ ఇంట్లోంచి కుర్చీ తెచ్చింది. అది కాస్త ఊగుతుందని తెలిసి, ఇంకో ఇంటి నుంచి ఇంకోటి తెచ్చింది. నేను కుక్కలు కట్టాను. గ్లోరి మాత్రం రోజూ లాగే బొగ్గులు రాజేసుకుంది.

ఆటో వచ్చింది. పిచ్చమ్మగారు పసుపు గిన్నె మీద చెయ్యి మూసిపెట్టుకుని దిగింది. వెనక పున్నయ్యగారు. పేటలో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి, ఏదో పని ఉన్నట్టు అక్కడే నిలబడ్డారు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. నులకమంచం మీద పరిచిన గుడ్డల దగ్గరికి తిన్నగా వెళ్ళి, వంగి, ఒక్కో మూలకి పసుపు అద్దింది. అద్దుతున్నప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి. రిబ్కా తల పక్కకి తిప్పుకుంది, తను కూడా మనసులో ఏదో ప్రార్థన అనుకుంటూనే ఉంది.

ఇంక పసుపు ఆరాలి. ఆరేదాకా చేసేదేమీ లేదు. అప్పుడు కూర్చుంది కుర్చీలో.

రిబ్కాకి ఊరికే కూర్చోవడం నచ్చదు.

"ఈసారి కారం ఎక్కడ పట్టిస్తున్నారండీ?"

"మరలో పట్టించను. దంపిస్తాను."

"దంపించిందే బాగుంటుందండి. వెల్లుల్లి మాత్రం మేం ఎక్కువేస్తాం."

"ఎక్కువంటే?"

రిబ్కా రెండు దోసిళ్ళు కలిపి చూపించింది.

"అమ్మో! అది ఆవకాయా, వెల్లుల్లికాయా?"

"తిని చెప్పండమ్మగారూ. మీరు వెయ్యరు గనక మీవి అంత పెద్ద జాడీలు. మా ఆవకాయ వానలదాకా ఉండదు, ముందే అయిపోద్ది."

పున్నయ్యగారు పగలబడి నవ్వారు. పిచ్చమ్మగారు నవ్వు ఆపుకోవడానికి గుడ్డల వైపు తిరిగింది. జామచెట్టు కింద పూడ్చిన జాడీ సంగతి రిబ్కాకి తెలియదు, నేను చెప్పలేదు.

ఎండ తగిలి పసుపు ఎండిపోయింది. గ్లోరి కుంచె ముంచింది. నా కూతురు పనిచేస్తుండగా నేను అంతవరకు సరిగ్గా చూడలేదు. మధ్య నుంచి అంచులకి రాసుకుంటూ వచ్చింది. పసుపు మూలని మాత్రం చివరికి వదిలింది. మైనం తగలగానే పసుపు చుట్టూ కొంచెం పారింది, పలచగా. ఇస్త్రీ పెట్టె వెళ్ళాక అక్కడే ఆగిపోయింది. పిచ్చమ్మగారు కుర్చీలోంచి లేచి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"పాకిందే!"

"కొంచెం పాకుతుందండి. ఇంక అంతే. ఇటు రాదు, అటు పోదు."

ఆవిడ బొటనవేలితో రుద్దింది. వేలు చూసుకుంది. మాదే చెంబు అందుకుని నీళ్ళు పోసింది. నీళ్ళు దొర్లిపోయాయి. పసుపు ఉంది.

"ఎన్నాళ్ళుంటుంది?"

"గుడ్డ ఉన్నన్నాళ్ళూ. మామూలు బట్టకి పెట్టింది మొదటి ఉతుక్కే పోతుంది కదండీ."

పిచ్చమ్మగారు చెంబు కింద పెట్టింది. బాగుందనలేదు. "కోరా గుడ్డ ఇంకా ఉందా? ఉంటే చింపు. నిమ్మకాయ జాడీలకి కూడా పెడతాను" అంది. మళ్ళీ వంగి పసుపు అద్దడం మొదలుపెట్టింది. ఎండెక్కక ముందే పని ముగించుకుందామని వచ్చిన మనిషి ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఉంది.

వెళ్ళేటప్పుడు గుడ్డలు తనే పట్టుకుంది. పున్నయ్యగారు ఊరుకోలేదు. "పసుపు పెట్టిన బట్ట గడప దాటకూడదన్నావే?"

"వాళ్ళ గడప దాటి మన గడపలోకి వస్తున్నాయి. తేడా తెలియదా మీకు?" అని ఆటో ఎక్కింది.

*

ఆవకాయ కలిపి జాడీలకి ఎత్తాక, ఆవిడే ఫోన్ చేసింది. వాసెన ఎలా కట్టాలో వచ్చి చూపించమంది. నేను తోట నుంచి కాయలు దింపడానికి వచ్చి ఉన్నాను. గ్లోరి వచ్చింది. ఆవకాయ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గుమ్మం బయటే ఆగింది. అక్కడి నుంచే గుడ్డ మీద ఇలా పెట్టండి, అలా నొక్కండి అని చేత్తో చూపిస్తోంది.

"అక్కడ నిలబడి గాల్లో చూపిస్తే నాకెలా తెలుస్తుందే? లోపలికి రా" అంది పిచ్చమ్మగారు.

ఆ గదిలోకి నేను ఇన్నేళ్ళ కాపలాలో ఒక్కసారీ వెళ్ళలేదు. గుమ్మం బయట గంపతో నిలబడి చూశాను. నా కూతురు లోపలికి వెళ్ళింది. జాడీ మూతి మీద గుడ్డ పరిచి, రెండు అరచేతులతో చుట్టూ పట్టుకుని, కదలకుండా ఉంది. చేతి వేడికి మైనం మెత్తబడి గుడ్డ జాడీ మూతికి అంటుకుంది. చేతులు తీసింది, గుడ్డ ఊడలేదు.

"దారం?"

"అక్కర్లేదండి. కట్టినా తప్పులేదు. ఎండ మాత్రం తగలనివ్వకండి."

రెండో జాడీ పిచ్చమ్మగారు పట్టుకుంది. ఆవిడ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర పోయి ఉన్నాయి. ఏటా వాసెన ముడి వేసేటప్పుడు ఎంత అవస్థ పడుతుందో నేను బయట నుంచి వింటూనే ఉండేవాణ్ణి. ఇప్పుడు ముడి లేదు. అరచేతులు జాడీ చుట్టూ పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. చేతులు తీసి చూసుకుని, ఇంకో జాడీ దగ్గరికి తనే వెళ్ళింది.

ఆ గది కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీంచి పక్కింటి ప్రేమావతిగారు తొంగి చూసింది. "ఏంటి పిన్నీ, ఆ మూలన పసుపేంటి, ఆ మెరుపేంటి?"

"గ్లోరి గుడ్డ."

"నాకూ తెప్పించవా?"

"తెప్పించడానికి కుదరదు. పసుపు నువ్వే పట్టుకుని వాళ్ళింటికి పోవాలి. నీ చేత్తో పెట్టుకోవాలి. ఆ పిల్ల మైనం వేస్తుంది. నేను పోయి రాలేదూ? పొద్దున్నే పో, వాళ్ళు కుక్కల్ని కట్టేస్తారు."

గ్లోరి బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే దాని ఫోన్ మోగింది. విజయవాడ షాపు ఓనరు. "లేదండీ, రాను. మరొకర్ని చూసుకోండి. ఇక్కడ పని ఉంది" అని పెట్టేసింది. నా వైపు చూసింది. నేను గంప భుజానికెత్తుకున్నాను.

ఆ పూట తోటకి సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్ళాను, బజారు మధ్యలోంచి. ఎక్కడి నుంచి వస్తున్నావు రాయప్పా అని ఎవరైనా అడిగితే చెబుదామని. టీ కొట్టు దగ్గర ఆగాను. ఎరువుల షాపు దగ్గర ఆగాను. ఎవరి పనిలో వాళ్ళున్నారు, ఒక్కరూ అడగలేదు. ఎ.కొండూరు రోడ్డు మలుపులో పంక్చర్లు వేసే బెన్నీ ఖాళీగా కూర్చుని ఉన్నాడు. నేను అతనితో ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడి ఎరగను. సైకిలు స్టాండు వేసి, అతని బల్ల మీద కూర్చుని, మా అమ్మాయి గురించి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.